తాతగారి ఒంటి తూటా రైఫిల్: బలమెంత, విలువెంత?

[ఉదయం, బీచ్ రోడ్డు మీద రెండు సెకన్ల షాట్. తర్వాత ఇంట్లో, టేబుల్ దగ్గర.]

నమస్తే అండి. నాకు వారం వారం రెండు రకాల మెసేజ్‌లు వస్తుంటాయి. మొదటిది: "మా తాతగారి రైఫిల్ ఉంది, బ్రిటిష్ వాళ్ల కాలంది, కోటి రూపాయలు పలుకుతుందంట కదా?" రెండోది: "ఒక్క తూటాయే పడుతుంది, అదేం తుపాకీ, పాత ఇనుముకి వేసేయొచ్చా?" రెండూ తప్పే. ముఖ్యంగా ఆ రెండో మాట చదివితే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఈ వీడియో.

ముందే ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దగ్గర వేట ఆగిపోయింది. ఆగిపోవడమే న్యాయం. నేను మాట్లాడేది ఆ ఇనుము గురించి, దాన్ని చేసిన చేతుల గురించి.

మాది అనకాపల్లి వైపు. చెరువు గట్టు మీద మదుము (నీళ్లు వదిలే తూము) పలక ఎత్తడం, దించడం చూస్తూ పెరిగినవాణ్ణి. రెండు పక్కలా రాతిలో గాడి ఉంటుంది. ఆ గాడిలో మందపాటి పలక నిలువుగా జారుతుంది. చెరువు నిండినప్పుడు నీళ్లు పలకను తోస్తాయి కదా, తోసేకొద్దీ అది గాడికి ఇంకా గట్టిగా అదుముకుంటుంది. ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. నీటి బరువుకి మాత్రం అది వెనక్కి పోదు.

[చేత్తో చూపిస్తూ] ఒంటి తూటా రైఫిళ్లలో ఫాలింగ్ బ్లాక్ అనే రకం ఉంది, అదంటే ఆ మదుమే. బ్యారెల్ వెనక ఒక ఉక్కు దిమ్మ ఉంటుంది. ట్రిగ్గర్ కిందున్న లీవర్ దించితే దిమ్మ గాడిలో కిందికి జారుతుంది, తూటా పెట్టే దారి తెరుచుకుంటుంది. లీవర్ మూస్తే దిమ్మ పైకొచ్చి దారి మూసేస్తుంది. పేలినప్పుడు వెనక్కి వచ్చే ఒత్తిడంతా దిమ్మ మీద పడి, దాని వెనకున్న ఉక్కు గోడల్లోకి పోతుంది. 1872లో స్కాట్లాండ్‌కి చెందిన జాన్ ఫార్కర్సన్ పేటెంట్ తీసుకున్నది ఇదే పద్ధతి. 1879లో అమెరికా తుపాకీల రూపకర్త జాన్ బ్రౌనింగ్ 24 ఏళ్ల వయసులో పేటెంట్ తీసుకున్నదీ ఇదే. వించెస్టర్ కంపెనీ ఆ హక్కులు 8,000 డాలర్లకు కొని, 1885 మోడల్‌గా అమ్మింది. 1960ల్లో, అప్పటికి బోల్ట్ రైఫిళ్లు (బోల్ట్ అనే కడ్డీని చేత్తో వెనక్కీ ముందుకీ నడిపేవి) రాజ్యమేలుతుంటే, రూగర్ కంపెనీ మళ్లీ ఇదే మదుము పద్ధతితో నంబర్ వన్ అనే రైఫిల్ తెచ్చింది. బలహీనమైన దాన్ని ఎవరూ అలా తిరిగి తీసుకురారు.

ఇంకో లాభం కూడా ఉంది. బోల్ట్ వెనక్కీ ముందుకీ నడవడానికి చోటు అక్కర్లేదు. కాబట్టి అదే పొడవున్న రైఫిల్లో బ్యారెల్ దాదాపు 4 అంగుళాలు ఎక్కువ పెట్టుకోవచ్చు.

మన వైపు ఇళ్లలో ఎక్కువగా పేరు వినిపించేది మార్టినీ హెన్రీ. బ్రిటిష్ సైన్యం 1871లో తీసుకుంది. ఇందులో పలక మొత్తం కిందికి దిగదు. వెనక వైపు ఒక పిన్ను మీద తిరుగుతూ, ముందు వైపు మాత్రం కిందికి వాలుతుంది. మదుము పలకకి పైన బందు బిగించి ఊపినట్టు అనుకోండి. అయినా పేలుడు ఒత్తిడి ఆ పిన్ను మీద పడదు, వెనక ఉక్కు గోడ మీదే పడుతుంది. ఆ చిన్న విషయం ఆలోచించినవాడికి దండం పెట్టాలి.

ఇక బలం లెక్క చూద్దాం. దీని సీసం తూటా 31 గ్రాములు. వెనక ఐదున్నర గ్రాముల నల్లమందు. వేగం సెకనుకు సుమారు 410 మీటర్లు. లెక్క కడితే శక్తి 2,600 జౌల్స్. మన సైన్యం వాడిన ఇన్సాస్ రైఫిల్ తూటా 4 గ్రాములు, వేగం 900 మీటర్లు, శక్తి 1,600 జౌల్స్ పైచిలుకు. నూటయాభై ఏళ్ల నాటి నల్లమందు తుపాకీకి అంత దెబ్బ ఉంది.

లోపాలు లేవా? ఉన్నాయి. తూటా బరువెక్కువ, వేగం తక్కువ. 100 గజాలకు గురి సరిచేసి 200 గజాలకు కాలిస్తే తూటా సుమారు రెండడుగులు కిందికి పోతుంది. పేలిన ఖాళీ తొడుగును బయటికి లాగే శక్తి లీవర్‌కి బోల్ట్ అంత ఉండదు. 1885లో సూడాన్‌లో పలచని ఇత్తడి రేకు చుట్టిన తూటాలు వేడికి, ఇసుకకి ఇరుక్కుపోయి బ్రిటిష్ సైనికుల ప్రాణాల మీదికి వచ్చింది.

గురి సంగతంటారా, 1874లో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో పోటీ జరిగింది. 800, 900, 1,000 గజాలు. ఐర్లాండ్ జట్టు ముందు నుంచి మందు కూరే రైఫిళ్లు తెచ్చింది, అమెరికా జట్టు వెనక నుంచి తూటా పెట్టే ఒంటి తూటా రైఫిళ్లు పట్టింది. అమెరికాకి 934 పాయింట్లు, ఐర్లాండ్‌కి 931. వెయ్యి గజాల దూరంలో పందెం వేసేంత గురి ఉన్నదాన్ని బొమ్మ తుపాకీ అంటే ఎలా?

ఇక్కడ చాలా జాగ్రత్తగా వినండి. చెరువుకి చేసిన మదుము పలకను గోదావరి వరదకి అడ్డం పెడితే ఏమవుతుంది? నల్లమందు కాలం రైఫిల్లో ఇప్పటి పొగరాని మందు తూటా పెడితే అంతే. బ్రిటిష్ రైఫిళ్లయితే బ్యారెల్ మీద ప్రూఫ్ ముద్రలు, అంటే బలం పరీక్షించాక కొట్టే గుర్తులు, చూడాలి. ఎన్.పి. అన్న నైట్రో ప్రూఫ్ ముద్ర 1904 తర్వాత వచ్చింది. అది లేకపోతే పొగరాని మందుకి పరీక్షించిందని అనుకోవద్దు. "ఒక్కసారి పేల్చి చూద్దాం" అన్న మాట ఇంట్లో రానివ్వకండి.

విలువకి వద్దాం. ఆ మధ్య భీమిలిలో తెలిసినవాళ్ల ఇంట్లో ఒక మార్టినీ చూశాను. కుడివైపు కిరీటం, కింద వి.ఆర్. (విక్టోరియా రాణి) అక్షరాలు, ఎన్‌ఫీల్డ్ అని ఫ్యాక్టరీ పేరు, 1879. పైన ఉండాల్సిన నల్లటి పూత లేదు. "పండక్కి శాండ్ పేపర్ పెట్టి మెరిపించాం" అన్నారు సంతోషంగా. ముద్రల అంచులు అరిగిపోయి, ఏడు అంకె ఒకటిలా కనబడుతోంది. వాళ్ల మనసు నొప్పించలేక ఊరుకున్నాను గానీ, ఆ రైఫిల్ ధరలో సగానికి పైగా ఆ కాగితానికే పోయింది. మదుము పలక పైన పాచి పట్టినా ఫరవాలేదు, గాడి అరిగితేనే పనికిరాదు. రైఫిల్లో కూడా బ్యారెల్ లోపలి గాడులు, మూసుకునే దిమ్మ చూడాలి. పైన మెరుపు కాదు.

ముద్ర ఉంటే అసలుదే అనీ అనుకోకండి. ఖైబర్ వైపు (ఇప్పటి పాకిస్తాన్, అఫ్గాన్ సరిహద్దు) పల్లెల్లో చేత్తో చేసిన నకళ్లు లెక్కలేనన్ని. వాటిలో ఇంగ్లిష్ ఎన్ అక్షరం తిరగబడి ఉండటం పెద్ద గుర్తు.

పాతది అన్నంత మాత్రాన అరుదు కాదు. 2003లో కాఠ్మండూలోని లగన్ సిలేఖానా అనే పాత ఆయుధాగారం నుంచి వేల కొద్దీ మార్టినీలు అమెరికా మార్కెట్‌కి వెళ్లాయి. అన్ని వేలు ఒకేసారి బయటికొస్తే కోటి రూపాయల మాట ఎక్కడిది? పేరున్న తయారీదారు వేటగాళ్ల కోసం ప్రత్యేకంగా చేసిన ఫార్కర్సన్ అయితే వేరే కథ.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

మన దేశంలో తూటా కూడా ధరలో భాగమే. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ .450 సైజును (అంగుళాల్లో బ్యారెల్ లోపలి వెడల్పు) నిషేధించింది, మార్టినీ తూటాలు తిరుగుబాటుదారులకి అందుతాయని భయం. అందుకే తుపాకీ కంపెనీలు .470, .465 సైజులు తయారుచేశాయి. తూటా దొరకని రైఫిల్‌ని కొనేవాడు గోడకి పెట్టుకోవడానికే కొంటాడు.

కాగితాలు. "పాతది కదా, లైసెన్స్ అక్కర్లేదు" అనేది అన్నిటికంటే ప్రమాదమైన అపోహ. ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, కానీ బాగు చేసినా పేలని స్థితిలో ఉన్నవాటికే. మీ మార్టినీ లీవర్ టక్కున పడి లేస్తోందంటే దాన్ని ఆ లెక్కలో వేసుకోకండి.

లైసెన్స్‌దారు చనిపోతే తుపాకీని పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. వారసులు తమ పేరు మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు. విశాఖ నగరంలో అయితే పోలీస్ కమిషనర్‌కి, జిల్లాల్లో అయితే కలెక్టర్‌కి. అది అయ్యాక ధర గురించి అడగండి. కుడివైపు ముద్రలు, బ్యారెల్ వెనక చివర ప్రూఫ్ గుర్తులు, లీవర్ దించినప్పుడు లోపలి దిమ్మ, ఈ మూడు ఫొటోలు దగ్గరగా తీసి పంపండి. అప్పటిదాకా పొడి గుడ్డతో తుడవండి చాలు, శాండ్ పేపర్ దగ్గరికి రానివ్వకండి.