సంపాదకీయం లేని పేజీని ఎలా చదవాలి?

(గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పాత పత్రికల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. తెలుగు పత్రికల చరిత్ర మొత్తం చెప్పబోతే తేదీల చిట్టా అవుతుంది. అందుకే ఒక్క పత్రికనే పట్టుకుంటాను. గోల్కొండ పత్రిక.

కొన్నేళ్ల కింద పత్రికల రాజకీయ వైఖరి మీద పరిశోధన చేస్తూ ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. నోట్‌బుక్‌లో రెండు గడులు గీసుకుంది. ప్రభుత్వానికి అనుకూలం, వ్యతిరేకం. సంపాదకీయం చదవడం, ఏదో ఒక గడిలో టిక్కు పెట్టడం. గోల్కొండ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. "సార్, సంపాదకీయం ఉండాల్సిన చోట పెద్దల సూక్తులున్నాయి. వీటిని ఏ గడిలో వెయ్యాలి?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈరోజు ఇక్కడ నిలబడ్డాను.

1926 మే 10న హైదరాబాదులో గోల్కొండ పత్రిక మొదలైంది. సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు ఇంకా నిండలేదు. నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడేది తెలుగు. సర్కారు కచేరీలో, కోర్టులో, బడిలో నడిచేది మాత్రం ఉర్దూ. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆంధ్ర జనసంఘం పుట్టింది ఆ అవమానం నుంచే. మరుసటి ఏడే నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక, ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక వచ్చాయి. అలాంటి చోట వార్తను తెలుగులో అచ్చువేయడమే ఒక రాజకీయ వైఖరి. సంపాదకీయం దాకా పోనక్కర్లేదు, పత్రిక పేరు దగ్గరే అది మొదలవుతుంది.

గోల్కొండ వారానికి రెండుసార్లు వచ్చేది. రాసేవాళ్లు తక్కువ. ప్రతాపరెడ్డి గారే మారుపేర్లతో రాసి, ప్రూఫులు దిద్ది, చిన్నాచితకా పనులన్నీ చూసుకునేవారు. వెట్టిచాకిరీ మీద, అధికారుల దౌర్జన్యం మీద రాశారు. సభ పెట్టుకోవాలంటే ముందు సర్కారు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న కాలం అది. ఆయన రాతలు సర్కారుకు నచ్చలేదు. క్షమాపణ రాసిమ్మన్నారు, ఆయన ఇవ్వలేదు. సంపాదకీయాన్ని ముందుగా చూపించి, ఆమోదం పొందాకే అచ్చువేయాలని ఆంక్ష పెట్టారు. అప్పుడాయన ప్రపంచ మేధావుల సూక్తులను ఏరి ఆ చోట వేశారు.

ఒక్కసారి ఊహించండి. పల్లెలో ఒకాయన పత్రిక విప్పాడు. చుట్టూ పదిమంది వింటున్నారు. సంపాదకీయం వచ్చేచోట ఎక్కడి మహనీయుడిదో నాలుగు మాటలు. అవి అక్కడికెందుకు వచ్చాయో వినేవాళ్లకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. గడుల నోట్‌బుక్‌కు అందనిది ఇదే. ఆంక్షల కింద నడిచే పత్రికలో ఏం అచ్చయిందో ఒక్కటే చూస్తే చాలదు. ఏ చోట అచ్చయింది, ఏది తీసేస్తే అక్కడికి వచ్చింది అన్నది కూడా చూడాలి.

వైఖరి సాహిత్యం పేజీలోనూ ఉంటుంది. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే, ప్రతాపరెడ్డి గారు వాదనకు దిగి ఊరుకోలేదు. 354 మంది కవులను పోగుచేసి 1934లో గోల్కొండ కవుల సంచిక తెచ్చారు. నా దృష్టిలో ఆయన రాసిన అతి పెద్ద సంపాదకీయం అదే.

రాతకు మూల్యం ఎంతో కూడా గుర్తుపెట్టుకోవాలి. అదే హైదరాబాదులో ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు చంపేశారు. పోలీసు చర్యకు నెల కూడా లేదు. ఆ పేజీలు తిప్పేటప్పుడు, ఇక్కడ ఇంకా గట్టిగా రాయాల్సింది కదా అని మనం తేలిగ్గా అనేస్తాం. అలా అనే ముందు ఆ పేరు తలచుకోవాలని నా విన్నపం.

పోలికకు ఆంధ్రపత్రికను చూద్దాం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టి, 1914లో మద్రాసు తెచ్చి దినపత్రిక చేశారు. వెనక ఆయన సొంత అమృతాంజనం వ్యాపారం డబ్బు ఉంది. ఆ అండ లేకపోతే పత్రిక అంత కాలం నిలబడేది కాదు. ఆంధ్ర రాష్ట్రం కోసం కలిసి నడవాలని కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నది మద్రాసులో పంతులు గారింట్లోనే. ఇది తెలియకుండా ఆంధ్రోద్యమం మీద ఆ పత్రిక రాతలు చదివితే సగమే అర్థమవుతుంది. ఇది తప్పు పట్టడం కాదు. ఏ పత్రికకైనా ఒక ఇల్లు ఉంటుంది, ఆ ఇంటి చిరునామా తెలుసుకుని చదవాలి.

ఇక పాత సంచికల సంగతి. చెక్క గుజ్జుతో చేసిన న్యూస్‌ప్రింట్‌కు ఆయుష్షు తక్కువ. పసుపెక్కి, పెళుసెక్కి, తిప్పితే చేతిలో పొడి అవుతుంది. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు దాచిపెట్టబట్టి కొన్ని దక్కాయి. ప్రెస్ అకాడమీ చాలా సంపుటాలను స్కాన్ చేయించి కంప్యూటర్లోకి ఎక్కించింది. అది ఎంత మేలో నాలాంటి వాళ్లకు తెలుసు. అయితే పాత అచ్చును, అరసున్నలను, బండి ఱలను యంత్రం సరిగా చదవలేదు. ఒక మాట కొట్టి వెతికితే దొరకదు. పేజీ పేజీ తిప్పాల్సిందే. తిప్పండి, అదే మంచిది. వెతికితే అడిగినదే వస్తుంది, తిప్పితే అడగనిది ఎదురవుతుంది. ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు, ధాన్యం ధరలు వదలకండి. నిజాం సర్కారు కాగితాలతో పోల్చాలంటే అక్కడ ఫసలీ సంవత్సరాలుంటాయి, అది సర్కారు వాడిన వేరే సంవత్సరాల లెక్క. 590 కలిపితే సుమారుగా మన క్రీస్తు శకం లెక్కలోకి వస్తుంది.

ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో చివరికి మూడో గడి గీసింది. దానికి పేరు పెట్టలేదు. సూక్తులు పడిన తేదీలను వరుసగా అందులో రాసుకుని, వాటి ముందు సంచికలను మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. ఆ స్కాన్ పేజీలను నా పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. సభ అయ్యాక లోపలి గదిలో కంప్యూటర్ మీద పెడతాను. చూడాలనుకున్నవాళ్లు రండి, కలిసి చదువుదాం.