కొండ జారక ముందు, జారిన తరువాత

శ్రోతలకు నమస్కారం.

2024 జూలై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడ్ జిల్లాలో ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీద కొండచరియలు విరుచుకుపడ్డాయి. మబ్బులు ఇంకా తొలగనే లేదు. అయినా మరునాడే మన రీశాట్ ఉపగ్రహం, మబ్బుల గుండా చూడగల రాడార్‌తో ఆ లోయను చిత్రించింది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఆ చిత్రాన్ని, 2023 మే నెలలో కార్టోశాట్-3 ఉపగ్రహం తీసిన చిత్రంతో పోల్చి చూసి, 1,550 మీటర్ల ఎత్తున మొదలై సుమారు 86,000 చదరపు మీటర్ల నేల జారిందని, ఆ బురద, బండలు ఏటి వెంట 8 కిలోమీటర్ల దాకా కొట్టుకుపోయాయని తేల్చింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. అదే చోట మునుపొకసారి నేల జారిన ఆనవాలు కూడా బయటపడింది.

అందుకే ఈ పనిలో కొత్త చిత్రం కంటే పాత చిత్రమే విలువైనదని నా అభిప్రాయం. పచ్చని వాలు మీద తాజాగా జారిన నేల ఎర్రని గాయంలా కనిపిస్తుంది గాని, కొన్ని వానాకాలాలు గడిచేసరికి గడ్డి, పొదలు దానిని కప్పేస్తాయి. ఏటేటా తీసిన చిత్రాలు భద్రంగా ఉంటేనే ఆ గాయం చరిత్ర దొరుకుతుంది.

కంటికి కనిపించని కదలికను పట్టేది రాడార్. అది తానే ఒక తరంగాన్ని పంపి, నేలను తాకి తిరిగి వచ్చినదాన్ని అందుకుంటుంది. ఐరోపా వారి సెంటినెల్-1 తరంగం పొడవు సుమారు 5.6 సెంటీమీటర్లు. ఉపగ్రహం 12 రోజులకు అదే దారిన వచ్చి, అదే వాలును అదే కోణంలో చూసేసరికి, ఆ వాలు దానికి 2.8 సెంటీమీటర్లు దూరం జరిగి ఉంటే, రానూపోనూ తేడా రెట్టింపై తరంగం సరిగ్గా ఒక చుట్టు, అంటే తన పొడవంత, వెనకబడుతుంది. అంతకన్నా తక్కువ జరిగితే చుట్టులో ఎన్నో వంతో లెక్క తేలుతుంది. ఇలా ఏళ్ల తరబడి పోగుచేస్తే, కొండ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పాకినా తెలిసిపోతుంది. చిక్కల్లా దట్టమైన అడవితోనే. 12 రోజుల్లో ఆకులు, కొమ్మలు కదిలిపోయి పోలిక చెడుతుంది. 24 సెంటీమీటర్ల తరంగమైతే ఆకులను దాటి లోపలికి పోగలదు. ఆ తరంగంతో పనిచేసే నైసార్ ఉపగ్రహం 2025 జూలై 30న, అంటే వయనాడ్ విపత్తు జరిగి సరిగ్గా ఏడాది నిండిన రోజున, శ్రీహరికోట నుంచి ఎగిరింది.

అయితే మెల్లగా పాకే కొండకూ, కుండపోత వానకు నిమిషాల్లో తెగిపడే కొండకూ చాలా తేడా ఉంది. రెండవదాన్ని 12 రోజులకొకసారి వచ్చే ఉపగ్రహం ముందుగా పట్టుకోలేదు. మొదటి రకంలోనూ, చూసేవారు ఉంటేనే ఫలితం. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో రాతిని, మంచును కలుపుకొని ఒక శిఖరపు పక్క కూలింది. ఆ తరువాత పాత చిత్రాలు తీసి చూస్తే, అంతకు ముందు ఐదేళ్లుగా అక్కడ పగులు విచ్చుకుంటూ ఉండటం స్పష్టంగా కనిపించింది.

1998 నుంచి 2022 వరకు ఉపగ్రహ చిత్రాల్లో గుర్తించిన సుమారు 80,000 కొండచరియల ఘటనలతో హైదరాబాదు కేంద్రం ఒక అట్లాసు తయారుచేసింది. జనం, ఇళ్లు, రోడ్లు ఎంతగా ముప్పులో ఉన్నాయో లెక్కగట్టి 147 జిల్లాలకు అందులో వరుస ఇచ్చారు. రుద్రప్రయాగ మొదటిది. వయనాడ్ 13వది. ఆ అట్లాసు వెలువడింది 2023లో.