ఖజానాలో డబ్బుంది, జీతం మాత్రం రాదు

సభకు నమస్కారం.

2025 అక్టోబర్‌లో అమెరికా ప్రభుత్వం మూతపడిందని టీవీల్లో వస్తున్నప్పుడు నన్ను చాలామంది ఒకటే అడిగారు: "అంత పెద్ద దేశం దగ్గర జీతాలకు డబ్బుల్లేవా?" ఎందుకు లేవండీ? పన్నులు వసూలవుతూనే ఉన్నాయి, అడిగితే అప్పు పుడుతూనే ఉంది. లేనిదల్లా ఆ డబ్బు ఖర్చు పెట్టుకోవచ్చని కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఇవ్వాల్సిన అనుమతి. నేను ఖజానా శాఖలో చేసి రిటైరైనవాణ్ని. బడ్జెట్ లేని బిల్లు కౌంటర్ మీదికొస్తే అబ్జెక్షన్ రాసి వెనక్కి పంపేవాళ్లం. షట్‌డౌన్ అంటే ప్రభుత్వ బిల్లుల్లో చాలావాటికి ఒకే రోజు అలా అబ్జెక్షన్ పడటమే.

అక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. ఆలోపు 12 ఖర్చుల బిల్లులు పాసవ్వాలి. లేదంటే పాత లెక్కన ఇంకొన్నాళ్లు నడుపుకోమని తాత్కాలిక చట్టమైనా చెయ్యాలి. అనుమతి లేకుండా ఖర్చు పెట్టకూడదన్న నిషేధం 19వ శతాబ్దం నాటిదే గానీ, దాన్ని అంత కచ్చితంగా ఎవరూ పాటించలేదు. గడువు దాటినా, నేడో రేపో పాసవుతుందిలే అని ఆఫీసులు నడిచిపోయేవి. 1980లో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి, అనుమతి లేకపోతే మూసెయ్యాల్సిందేనని న్యాయ అభిప్రాయం ఇచ్చారు. మరుసటి ఏడు ప్రాణాలకు, ఆస్తులకు రక్షణగా ఉండే పనులకు మినహాయింపు చూపించారు. ఈ గొడవంతా ఆ రెండు కాగితాల నుంచి వచ్చిందే.

మనకు ఓట్ ఆన్ అకౌంట్ ఉంది, అంటే బడ్జెట్ పాసయ్యేదాకా ఖర్చులకు తాత్కాలిక అనుమతి. పైగా లోక్‌సభలో బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వం దిగిపోవాలి, కాబట్టి పేచీ ఎక్కువ రోజులు సాగదు. అక్కడ అధ్యక్షుడు దిగడు, కాంగ్రెస్ రద్దు కాదు, ఇద్దరూ పంతం పట్టి కూర్చోవచ్చు. అలాగని మనకు బొత్తిగా తెలియని అనుభవమూ కాదు. 2020 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ శాసన మండలి, ఖజానా నుంచి ఖర్చుకు అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు తేల్చకుండానే నిరవధికంగా వాయిదా పడింది. మండలి తేల్చకపోతే 14 రోజులు ఆగితే గానీ ఆ బిల్లు పాసైనట్టు లెక్కలోకి రాదు. దాంతో జూలై ఒకటిన పడాల్సిన జీతాలు కొద్ది రోజులు వెనక్కెళ్లాయి. ఆ కాస్త ఆలస్యానికే ఈఎంఐలు ఉన్నవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో ఇక్కడ కూర్చున్న ఉద్యోగులకు నేను చెప్పక్కర్లేదు. అమెరికాలో 2025 షట్‌డౌన్ 43 రోజులు సాగింది. అంతకు ముందు రికార్డు 2018 డిసెంబర్‌లో మొదలైన 35 రోజులది.

షట్‌డౌన్ రోజుల్లో ఉద్యోగులు రెండు రకాలవుతారు. కొందరిని జీతం లేకుండా ఇంట్లో కూర్చోమంటారు, దాన్నే ఫర్లో అంటారు. మిగతావాళ్లు అత్యవసర సేవల్లో ఉన్నారు గనక జీతం లేకుండానే డ్యూటీకి రావాలి. నాకు అన్యాయంగా తోచేది ఈ రెండో రకం. ఇంట్లో ఉన్నవాడు ఇంకో చిన్న పని చూసుకోగలడు. వీళ్లకు పూటంతా ఆఫీసులోనే గడిచిపోతుంది. విమానాలను నడిపించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లనే తీసుకోండి. అక్కడ రెండు వారాలకోసారి జీతం. 2025 అక్టోబర్ 28న వాళ్ల చేతికి వచ్చింది సున్నా. పని గంటలు మాత్రం మామూలే. ఆ రోజు కొందరు ఎయిర్‌పోర్టుల ముందు నిలబడి ప్రయాణికులకు కరపత్రాలు పంచారు. డ్యూటీ దిగాక క్యాబ్ నడిపినవాళ్లూ ఉన్నారు.

సమ్మె చెయ్యొచ్చు కదా అంటారేమో. చట్టం ఒప్పుకోదు. 1981లో సమ్మెకు దిగిన 11 వేల మందికి పైగా కంట్రోలర్లను అప్పటి అధ్యక్షుడు రీగన్ ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆ దెబ్బ ఎవరూ మర్చిపోలేదు. ఇక మిగిలింది సిక్ లీవు. 2019 జనవరి 25న వర్జీనియా, ఫ్లోరిడా కేంద్రాల్లో ఓ పదిమంది కంట్రోలర్లు రాకపోయేసరికి న్యూయార్క్‌లోని లాగార్డియా ఎయిర్‌పోర్టుకు విమానాలు కాసేపు ఆపాల్సి వచ్చింది. అదే రోజు షట్‌డౌన్ ముగిసింది. ఐదు వారాల చర్చలతో తేలనిది ఒక్క పూటలో తేలింది! 2025 నవంబర్‌లోనూ సిబ్బంది చాలక 40 పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ప్రభుత్వమే విమానాలు తగ్గించింది. వారం తిరక్కుండా ఒప్పందం కుదిరింది.

తర్వాత జీతం ఇస్తారా అంటే, ఇస్తారు. 2019లో చట్టమే చేశారు. ఫర్లోలో ఇంట్లో ఉన్న రోజులకూ బకాయి చెల్లిస్తారు. 2025లో వైట్‌హౌస్ ఆ చట్టం మీదే అనుమానాలు లేపితే, ముగింపు బిల్లులో మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. చెయ్యని పనికి కూడా జీతం ఇచ్చేటప్పుడు ఇందులో పొదుపు ఎక్కడుందో నా సర్వీసు అనుభవం మొత్తం పెట్టి వెతికినా నాకు దొరకలేదు. 2019 షట్‌డౌన్ వల్ల ఆర్థిక వ్యవస్థకు ఎప్పటికీ తిరిగి రాని నష్టమే 300 కోట్ల డాలర్లని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్కకట్టింది.

ఇక ఆ బకాయి కూడా రానివాళ్లున్నారు. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ భవనాల్లో ఊడ్చేవాళ్లు, క్యాంటీన్‌వాళ్లు, సెక్యూరిటీ గార్డులు. వీళ్లు కాంట్రాక్ట్ కంపెనీల మనుషులు కాబట్టి 2019 చట్టం వర్తించదు. మన ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులకు ఈ సంగతి విడమరిచి చెప్పాలా?

సామాన్య జనం సంగతి చూద్దాం. సోషల్ సెక్యూరిటీ పెన్షన్లు ఆగవు, పోస్టాఫీసు ఆగదు. కానీ 2025 నవంబర్ మొదట్లో స్నాప్ ఆహార సహాయం ఆగింది. దాని మీద ఆధారపడేవాళ్లు సుమారు 4.2 కోట్ల మంది. సరుకులు కొనుక్కునే కార్డులో నెల మొదట్లో పడాల్సిన డబ్బు పడలేదు. వ్యవహారం కోర్టులకెక్కింది, ఫుడ్ బ్యాంకుల ముందు కార్లు బారులు తీరాయి. లెక్కల మనిషిని గనక ఇంకొకటి కూడా చెప్పాలి: సర్వే చేసేవాళ్లు లేక 2025 అక్టోబర్ నిరుద్యోగ రేటు లెక్కే కట్టలేదు. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

చివరగా, పిల్లలు అక్కడున్న తల్లిదండ్రుల కోసం ఒక మాట. వీసాలు, హెచ్-1బి పిటిషన్లు చూసే ఆఫీసులు చాలావరకు ఫీజుల మీద నడుస్తాయి, అందుకే పని చేస్తూనే ఉంటాయి. చిక్కంతా కార్మిక శాఖతో. హెచ్-1బి పిటిషన్ వెయ్యాలంటే ముందు ఆ శాఖ ఎల్‌సీఏ అనే ధ్రువీకరణ ఇవ్వాలి. 2025 అక్టోబర్ 1న ఆ విభాగం ఆగితే, నెలాఖరుకి గానీ తెరుచుకోలేదు. లేఆఫ్ అయిన కుర్రాడికి ఇంకో కంపెనీ చూసుకోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. కొత్త కంపెనీ సిద్ధంగా ఉన్నా, ఎల్‌సీఏ లేక అందులో సగం వృథా. అందుకే సెప్టెంబర్‌లో ఉద్యోగం మారే ఆలోచన ఉంటే, ఎల్‌సీఏ నెలాఖరు లోపే తెచ్చుకోమని మీ పిల్లలకు ఫోన్ చేసినప్పుడు చెప్పండి. ఇక ప్రశ్నలేమైనా ఉంటే అడగండి, చెబుతాను.