బుడగ మీద లప్పం పెడితే తుప్పు పోదు

కారు డోరు కింది అంచున శనగగింజంత బుడగ వస్తుంది. పైపైన గీకి, లప్పం పెట్టి, స్ప్రే కొట్టేస్తారు. నాలుగు వానలు పడేసరికి అక్కడే మళ్లీ పొంగుతుంది. "ఇంట్లో చేస్తే ఇంతేనండీ, నిలబడదు" అంటారు. ఈ మాట వింటే నాకు చిరాకు. ఇంట్లో చేసినందుకు కాదు, తుప్పు లోపలే ఉంచి మూసేసినందుకు పాడైంది.

పుచ్చు వంకాయ చూశారుగా. పైకి సూది బెజ్జమే, కోస్తే సగం నలుపు. తుప్పూ అంతే. ఇనుము తుప్పయితే ఉబ్బుతుంది, అప్పుడే పెయింట్‌ పైకి లేస్తుంది. బుడగ మన కంట పడేసరికే అది చుట్టూ పాకి ఉంటుంది.

ఈ డోరు విశాఖలో, బీచ్ రోడ్డు పక్కనే ఉండే బండిది. ఉప్పు గాలి. స్క్రూడ్రైవర్ మొనతో బుడగని లేపుతున్నా, దగ్గరగా చూడండి. పెచ్చు ఊడింది. ఎర్రటి పొడి, దాని కింద నల్లటి చుక్కలు. శనగగింజ కాస్తా రూపాయి బిళ్ల దాటిపోయింది.

వంకాయని ఎందాకా చెక్కుతాం? తెల్లటి కండ వచ్చేదాకా. ఇక్కడ మెరిసే రేకు వచ్చేదాకా. ముందు వైర్ బ్రష్, తర్వాత 80 నంబర్ ఎమరీ పేపర్. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. చిన్న గుంటల్లో మిగిలిన చుక్కలకే రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పుని గట్టి నల్లటి పొరగా మార్చే మందు. పెచ్చులు లేచే తుప్పు మీద అది పూయడం డబ్బు దండగ.

స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోయిందా? ఇక ఆ వంకాయ పారేయాల్సిందే. రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలి. చాసిస్, డోర్ల కింది సిల్, సస్పెన్షన్ బిగించే చోట్లు మాత్రం ఇంట్లో అస్సలు ముట్టుకోవద్దు. బండి బలమంతా వాటిలోనే ఉంది.

ఇంకొకటి. వంకాయ ముక్కలు కోసిన వెంటనే నీళ్లలో వేస్తాం, గాలికి నల్లబడతాయని. రేకుకి నీళ్లు పడవు గానీ, తొందర మాత్రం అదే. మన తేమలో రాత్రంతా వదిలేస్తే పొద్దునకి మళ్లీ ఎర్రజీర కనిపిస్తుంది. అందుకే థిన్నర్‌తో తుడిచి, ఆ పూటే ఎపాక్సీ ప్రైమర్, అంటే రేకుకి తేమ తగలకుండా కాపాడే అడుగు పూత, కొట్టాలి. లప్పం తేమ పీల్చుకుంటుంది, వట్టి లప్పాన్ని నమ్మొద్దు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. లప్పం పల్చగా, ఆరాక 180, తర్వాత 320 నంబర్ ఎమరీ పేపర్. మళ్లీ ప్రైమర్, 600 నంబర్ వాటర్ పేపర్ (తడిపి రుద్దేది). మీ బండి కలర్ కోడ్ చూసి బేస్ కోట్, అంటే రంగు పూత, పైన క్లియర్ కోట్, అంటే రంగులేని మెరుపు పూత, రెండు మూడు పల్చటి పూతలు. వాన రోజు వద్దు.

పెయింట్ కంటే ముందే చేయాల్సిన పని ఒకటుంది. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. దీనికి పుల్ల పెట్టి తిప్పాను. ఆకుల కుళ్లు, నల్లటి బురదనీళ్లు బొటబొటా కారాయి. బుడగ పుట్టింది ఆ నీళ్ల వల్లే.