కొడవలికి అంటిన రాగి
(నల్గొండలో విద్యార్థులు, మొబైల్ రిపేరు షాపుల వారి ముందు ఒక రసాయన శాస్త్ర అధ్యాపకుడి ప్రసంగం)

అందరికీ నమస్కారం. రిపేరు షాపుల తమ్ముళ్లు గిరాకీ వదులుకొని వచ్చారు, అందుకని నేరుగా విషయానికొస్తాను: పాత ఫోను బోర్డుల్లోంచి రాగి, బంగారం తీయడం.

నా చేతిలోది పాత ఫోను బోర్డు. పసుపుపచ్చగా మెరిసే ఈ చుక్కలు బంగారమే. కాకపోతే వెంట్రుక మందంలో వందో వంతు పూత. టన్ను పాత ఫోన్లలో 300 గ్రాముల దాకా ఉంటుందని లెక్క. మహబూబ్‌నగర్ దాటి రాయచూరు వైపు వెళితే హట్టి బంగారు గని ఉంది. అక్కడ టన్ను రాయి పిండి చేస్తే దొరికేది కొద్ది గ్రాములే. ఈ పోలిక వినగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ టన్ను అంటే దాదాపు 10 వేల ఫోన్లు. తులానికి 300 పైనే కావాలి. మీ షాపు అట్టపెట్టెలో ఎన్నున్నాయి?

బోర్డులోని లోహాల్లో ఎక్కువ బరువు రాగిది, మొత్తం బోర్డులో ఐదో వంతు దాకా. దాన్ని తీసే కిటుకు నాకు మా నాయిన దగ్గరే తెలిసింది. బత్తాయి తోటకు కొట్టే బోర్డో మిశ్రమాన్ని ప్లాస్టిక్ బకెట్లలో మైలుతుత్తం (రాగి ఉండే నీలి ఉప్పు), సున్నం వేర్వేరుగా నానేసి కలిపేవాడు. తర్వాత కొడవలి మొన ముంచి తీసేవాడు. దానిమీద ఎర్రటి పొర అంటితే "ఇంకింత సున్నం పడాలె" అనేవాడు. ఆ పొర రాగి. నీళ్లలో కరిగి ఉన్న రాగి బయటికొచ్చి ఇనుము మీద కూర్చుంటుంది, దాని బదులు ఇనుము నీళ్లలోకి దిగుతుంది. బోర్డు పొడిని సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టినా మైలుతుత్తం లాంటి నీలి నీళ్లే వస్తాయి. ఇనుప తుక్కు వేస్తే రాగి దిగుతుంది. స్వచ్ఛమైన రాగి కావాలంటే కరెంటు పంపి రేకులుగా తీస్తారు.

బంగారం అంత తేలిగ్గా లొంగదు. అవుసలాయన నైట్రిక్ ఆమ్లం చుక్క వేసి పరీక్షించేది అందుకే. మూడు వంతుల హైడ్రోక్లోరిక్‌కు ఒక వంతు నైట్రిక్ కలిపిన ద్రవరాజంలో కరుగుతుంది. ఆ ద్రావణంలో సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే గోధుమ రంగు మడ్డిలా అడుగుకు దిగుతుంది. కొలిమిలో కరిగేదాకా అది బంగారమంటే మీరు నమ్మరు.

బంగారం తీయడం మీద నేను చూసిన యూట్యూబ్ వీడియోలు ఇక్కడితో అయిపోతాయి. నా కోపమూ ఇక్కడే. ద్రవరాజం నుంచి లేచే ఎర్రటి పొగ పీల్చినవాడికి అప్పుడేమీ అనిపించకపోవచ్చు, రాత్రికి ఊపిరాడదు. గిన్నెలో మిగిలిన నీళ్లను మోరీలో పోస్తే టంకంలోని సీసం, నికెల్ అన్నీ దాంతోపాటే పోతాయి. మంచినీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన జిల్లాలో చిన్నపిల్లలకూ తెలుసు. సీసానికి ఆ హద్దు 0.01. అంటే 150 రెట్లు కఠినం.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను కిందికి దింపే పద్ధతికి నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మన ఊరి పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. తేరిన నీళ్లు తాగాం సరే, అడుగున బురద ఎక్కడ పారబోశామని అడిగినవాళ్లు తక్కువ. ఆమ్లం నీళ్లలో సున్నం కలిపినా అంతే. సీసం బురదగా కూర్చుంటుంది, మాయం కాదు. దాన్ని హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ఉన్నటువంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేర్చాలి. ఇంటి వెనక షెడ్డులో చేసేవాడికి ఆ ఖర్చు గిట్టుబాటవుతుందా?

అందుకే 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ చేసేవాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టర్ కావాలి. చదువుకునే పిల్లలకు ఈ పని మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ (ఎలక్ట్రానిక్ పదార్థాల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ) ఏం చేస్తోందో చూడండి.

షాపుల తమ్ముళ్లకు ఒక్క మాట. బ్యాటరీలు విడదీసి, వాటి మొనలకు టేపు వేసి పక్కన పెట్టండి. బోర్డులు కాల్చకుండా పోగేయండి. మొన్న మా దగ్గర పాత కంప్యూటర్లు కిలోల లెక్కన అమ్మారు. ఈ బోర్డులు ఎటు పోతాయని తుక్కు ఆయన్ని అడిగాను. "పట్నం పోతయి సార్" అన్నాడు. పట్నంలో ఎక్కడికి అంటే నవ్వి తాడు బిగించుకున్నాడు. మీ దగ్గరికి వచ్చినప్పుడు ఇంకో ప్రశ్న ఎక్కువ వేయండి, రిజిస్ట్రేషన్ కాగితం చూశాకే తూకం పెట్టించండి.