బండి చైన్‌కు ఆటోమేటిక్ ఆయిలర్: శ్రోతల ప్రశ్నలు, మెకానిక్ జవాబులు

వ్యాఖ్యాత: నమస్కారం. చైన్‌కు దానంతటదే నూనె వేసే ఆటోమేటిక్ ఆయిలర్ పెట్టించుకోవాలా, పెట్టిస్తే ఎలా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. తిరుపతిలో బండ్ల షెడ్డు నడుపుతున్న మెకానిక్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ అలిపిరి నుంచి. చెప్పండి సార్.

కాలర్ (అలిపిరి): నమస్తే అన్నా. నేను కొండ మీద హోటల్లో పని చేస్తాను. రోజూ బండి మీదే ఎక్కి దిగడం. స్ప్రే కొట్టేంత తీరిక లేక చైన్ తిరిగే పళ్ల చక్రం, అదే స్ప్రాకెట్, దాని పళ్లు మొనదేలిపోయాయి. అందుకని ఆన్‌లైన్లో వాక్యూమ్ ఆయిలర్ తెప్పించాను. మా మెకానిక్ చూసి, ఇది ఇంజెక్షన్ బండి, కార్బురేటర్ బదులు సెన్సర్లతో పెట్రోలు చిమ్మేది, నేను ముట్టుకోను అంటున్నాడు.

మెకానిక్: ఏ సంవత్సరం బండి తమ్ముడూ?

కాలర్: 2021 అన్నా. బీఎస్ 6.

మెకానిక్: అయితే ఆయన మంచి మాటే చెప్పాడు. వాక్యూమ్ రకంలో జరిగేది ఇది. ఇంజిన్ గాలి లాక్కునే దారిలో పీల్పు ఉంటుంది కదా, దాన్ని సన్నటి ట్యూబుతో నూనె డబ్బాకు కలుపుతారు. ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆ పీల్పుకు డబ్బాలోని వాల్వు తెరుచుకుంటుంది, నూనె తన బరువుకు తనే కిందికి దిగుతుంది. ఇంజిన్ ఆపితే వాల్వు మూసుకుంటుంది. స్కాట్లాండ్‌లో పుట్టిన స్కాటాయిలర్ కంపెనీకి పేరొచ్చింది ఈ పద్ధతితోనే. కార్బురేటర్ బండ్లకైతే ఇబ్బంది తక్కువ. నీ బండిలో గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ కూడా అదే దారిలో ఉంటుంది. అక్కడ ట్యూబు సరిగ్గా బిగించక గాలి లీకైతే ఐడ్లింగ్ నిలవదు, అంటే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నిలకడగా ఆడదు, మీటర్లో ఇంజిన్ లైటు వెలుగుతుంది. వారంటీ ఉంటే దానికీ పేచీ పెడతారు.

కాలర్: మరి వాపసు పంపేయాలా?

మెకానిక్: తీసుకుంటామంటే పంపేయ్. బండి కదలికను బట్టి పంపు నడిచే ఎలక్ట్రానిక్ రకం తీసుకో. వైరు వాళ్ల కాగితంలో చెప్పిన చోటే కలపాలి, ఫ్యూజు మానొద్దు. దానికన్నా ముందు చైన్ స్ప్రాకెట్ సెట్ మార్చు. పళ్లు మొనదేలాక ఎన్ని చుక్కలు పోసినా వృథా. ఇంకో మాట. నువ్వు దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. మలుపు మలుపుకూ బండి వంచాలి. టైరు మీద నూనె పడితే ఆ మలుపుల్లో పట్టు ఉండదు. చైన్ ఎండితే డబ్బు పోతుంది, టైరు తడిస్తే మనిషే పోతాడు. అందుకే ఆయిలర్ అంటే నేను మొదట చూసేది చుక్క ఎక్కడ పడుతోంది, ఎన్ని పడుతున్నాయి అని. కంపెనీ ఏదన్నది తర్వాత.

వ్యాఖ్యాత: తర్వాత చిత్తూరు నుంచి ఒక అమ్మగారు. చెప్పండమ్మా.

కాలర్ (చిత్తూరు): నాకు బండి లేదు సార్, మా అబ్బాయికి ఉంది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తారే, ఆ పైపు తెచ్చి బండికి కట్టాడు. పైన నూనె సీసా, కింద చైన్. రోజూ పొద్దున కల్లాపి చల్లి ముగ్గు వేయడం ఆలస్యం, బండి తెచ్చి దాని మీదే నిలబెడతాడు. ముగ్గు మధ్యలో నల్లటి మడుగు!

మెకానిక్: (నవ్వుతూ) పిల్లవాడికి తెలివి ఉందమ్మా. చక్రం తిప్పి చుక్కల్ని తగ్గించే ఏర్పాటు ఆ పైపులోనే ఉంటుంది, అందుకే చాలామంది వాడతారు. కానీ బండి ఆపితే అది ఆగదు, చేత్తో మూయాలి. ఒక్కరోజు మరిచిపోతే సీసా ఖాళీ. పైగా ఆ ప్లాస్టిక్ పైపు నూనెకు, ఎండకు గట్టిపడి పగులుతుంది. పెట్రోలు ట్యూబు వాడమనండి, మధ్యలో పెట్రోలు ట్యాపు ఒకటి పెట్టమనండి.

కాలర్: ముగ్గు సంగతి?

మెకానిక్: ట్యాపు మూసే అలవాటు అయ్యేదాకా బండి వీధిలోనే పెట్టించండమ్మా.

వ్యాఖ్యాత: పలమనేరు నుంచి ఇంకొకరు.

కాలర్ (పలమనేరు): సార్, నాది పెద్ద బండి, చైన్ బయటికే ఉంటుంది. ఆయిలర్ పెట్టించి బెంగళూరు వెళ్లొచ్చాను. వెనక టైరు ఎడమ పక్కంతా నూనె, నంబర్ ప్లేటు మీద కూడా చారలు.

మెకానిక్: ట్యూబు మొన ఎక్కడ పెట్టారు?

కాలర్: చైన్ పైన సార్. నూనె నేరుగా చైన్ మీదే పడుతుంది కదా అని.

మెకానిక్: అదే తప్పు. పరిగెత్తే చైన్ మీద పడిన చుక్క అక్కడ నిలవదు, ఎగిరిపోతుంది. మొన వెనక స్ప్రాకెట్ పక్క ముఖానికి ఆనుకుని ఉండాలి, కింది భాగంలో, చైన్ పళ్ల మీదికి ఎక్కే చోటికి కాస్త ముందు. స్ప్రాకెట్ తిరిగే వేగానికి నూనె ఆ ముఖం మీదుగా పాకి పళ్ల దాకా వస్తుంది, అక్కడ చైన్ అందుకుంటుంది. ట్యూబును వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ వెంబడి ట్యాగులతో బిగించండి. షాక్ అబ్జార్బర్ ఆడినప్పుడు లాగకుండా మలుపు దగ్గర కొంచెం వదులు ఉంచండి. బ్రాకెట్ వదులైతే ట్యూబు చైన్లో చిక్కుతుంది, వారానికోసారి చెయ్యి పెట్టి కదిపి చూడండి. చుక్కలు ఎన్ని పెట్టారు?

కాలర్: లెక్కపెట్టలేదు సార్.

మెకానిక్: నిమిషానికి ఒకటి చాలు. అరవైలో పోతే కిలోమీటరుకు ఒక చుక్క. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు అనుకుంటే, 50 మిల్లీలీటర్ల డబ్బా పదహారు గంటలకు పైనే వస్తుంది. మీరు తెల్లవారుజామున పలమనేరు చల్లదనంలో సెట్ చేసి, మధ్యాహ్నం ఎండలో నడిపితే నూనె పలచబడి చుక్కలు పెరుగుతాయి. వేసవిలో తగ్గించాలి, నవంబరు వానల్లో కొంచెం పెంచాలి. స్కాటాయిలర్ వాళ్లు వేడి ప్రదేశాలకు వేరే ఎర్ర నూనె అమ్మేది అందుకే. టైరును ఇప్పుడే సబ్బు నీళ్లతో కడగండి. ఆరాక కూడా మొదటి కొన్ని కిలోమీటర్లు నిదానంగా పోండి.

కాలర్: మా దగ్గర గ్రానైట్ లారీల దుమ్ము ఎక్కువ సార్. నూనెకు దుమ్ము అంటుకోదా?

మెకానిక్: అంటుకుంటుంది. చిక్కటి నూనె పూసి వదిలేస్తే దుమ్ముతో కలిసి రాపిడి పేస్టు అవుతుంది. పలచటి నూనె కొద్దికొద్దిగా వస్తుంటే చాలా మట్టిని బయటికి తోసేస్తుంది. అయినా నెలకోసారి కిరసనాయిలు, మెత్తటి బ్రష్షుతో కడగాలి. పెట్రోలు వద్దు, చైన్ లింకుల్లో ఉండే ఓ రింగులనే రబ్బరు రింగులు పాడవుతాయి. ఆ రింగుల వెనకే, పిన్నుల దగ్గర, కంపెనీవాళ్లు గ్రీజు నింపి మూసి ఉంటారు. మన నూనె అక్కడిదాకా పోదు, రోలర్లకు, రింగులు ఎండకుండా ఉండడానికే. కడిగేటప్పుడు ఇంజిన్ ఆపి, న్యూట్రల్లో చక్రాన్ని చేత్తో తిప్పండి. గేరులో నడిపిస్తూ గుడ్డ పట్టారంటే వేళ్లు లోపలికి పోతాయి. నా షెడ్డుకు అలా వేలు తెగినవాళ్లు వచ్చారు.

వ్యాఖ్యాత: పుత్తూరు నుంచి చివరి కాల్.

కాలర్ (పుత్తూరు): సార్, నాది స్ప్లెండర్. నేనూ పెట్టించుకోవాలా?

మెకానిక్: ఎందుకు తమ్ముడూ? నీ చైన్ పూర్తిగా కవర్ లోపల ఉంది, వాన, దుమ్ము తక్కువే తగులుతాయి. సర్వీసుకు ఇచ్చినప్పుడు కవర్ విప్పించి నూనె వేయించు. కవర్ మీది రబ్బరు మూత తీసి అప్పుడప్పుడూ చైన్ వదులు ఎంతుందో చూసుకో.

కాలర్: వాడేసిన ఇంజిన్ ఆయిల్ వేయొచ్చా? మా దగ్గర ఊరికే ఇస్తారు.

మెకానిక్: వద్దు. దాంట్లో మసి, ఇనుప పొడి ఉంటాయి. తొంభై నంబర్ గేర్ ఆయిల్ చిన్న డబ్బా కొను, నీకు చాలా కాలం వస్తుంది.