గుహలోకి దిగే ముందు పాలసీలో చదవాల్సిన పేజీ

శ్రోతలకు నమస్కారం.

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు నుంచి విదేశాలకు చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. ఇప్పుడు సాహసం కోసమే బయలుదేరే కుర్రకారు కూడా కనిపిస్తున్నారు. థాయ్‌లాండ్‌లో స్కూబా డైవింగ్, నేపాల్‌లో ట్రెక్కింగ్, వియత్నాంలో గుహయాత్ర. విమానం టికెట్టు కొనేటప్పుడే ట్రావెల్ ఇన్సూరెన్స్ గడిలో ఒక టిక్కు పెట్టేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఆ పాలసీ మొదటి పేజీలో లక్ష డాలర్లని పెద్ద అక్షరాలతో ఉంటుంది. గుహలో జారిపడి కాలు విరిగితే ఆ లక్షలో ఒక్క డాలరు కూడా చేతికి రాకపోవచ్చు.

కారణం లోపలి పేజీల్లో ఉంటుంది. ప్రతి పాలసీలోనూ మినహాయింపులు అని ఒక భాగం ఉంటుంది. కంపెనీ వేటికి డబ్బు ఇవ్వదో అక్కడ రాసి ఉంటుంది. ప్రమాదకరమైన ఆటలు, సాహస క్రీడలు చాలా పాలసీల్లో ఆ భాగంలోనే కనిపిస్తాయి. కొన్ని కంపెనీలు అదనపు ప్రీమియం తీసుకుని వాటిని కలుపుతాయి. అలా కలిపినా అన్నీ రావు. జాబితాలో పేరున్న వాటికే వర్తిస్తుంది, పైగా షరతులుంటాయి. కాబట్టి ముందు మొత్తం ఎంతో చూడకండి. మీరు చేయబోయే పని పేరు ఆ జాబితాలో ఉందా లేదా, అది చూడండి.

గుహల విషయంలో ఈ పేరు దగ్గరే చిక్కు వస్తుంది. మన బొర్రా గుహల్లా మెట్లు, దీపాలు, రెయిలింగు ఉన్న చోట నడవడం మామూలు పర్యాటకం. దానికి పేచీ తక్కువ. హెల్మెట్ పెట్టుకుని, గైడు వెంట, నీళ్లలో ఈదుతూ రాళ్లెక్కుతూ వెళ్తే అది కేవింగ్. తాడు మీద నిలువు బావిలాంటి చోటికి దిగితే కంపెనీ దాన్ని వేరేగా లెక్కేస్తుంది. నీట మునిగిన గుహలో సిలిండరుతో ఈదడం కేవ్ డైవింగ్, దాన్ని దాదాపు అందరూ తోసిపుచ్చుతారు. కేవింగ్ అనే మాట కనిపించిందని సంతోషించకుండా తాడు, లోతు, లైసెన్సున్న గైడు గురించి ఏం రాశారో కూడా చదవాలి. గైడు లేకుండా వెళ్తే చెల్లదని రాసి ఉంటే స్నేహితులతో సొంతంగా వెళ్లిన రోజున ఆ పాలసీ లేనట్టే.

రెండో సంగతి అంతకంటే ముఖ్యం. ఆస్పత్రి ఖర్చు వేరు, అక్కడిదాకా మనిషిని తీసుకురావడానికయ్యే ఖర్చు వేరు. మెడికల్ ఇవాక్యుయేషన్ అంటే గాయపడిన మనిషిని ఆస్పత్రికి, లేదా ఒక ఆస్పత్రి నుంచి మెరుగైన మరో ఆస్పత్రికి చేర్చడం. గుహలోంచి బయటికి తీయడం సెర్చ్ అండ్ రెస్క్యూ కిందికి వస్తుంది. చాలా పాలసీల్లో ఈ రెండోది అసలుండదు, ఉన్నా చిన్న పరిమితే. గుహలోకి హెలికాప్టర్ రాదు కదా! స్ట్రెచరు మీద కట్టి, ఇరుకు సందుల్లోంచి మనుషులే చేతులు మార్చుకుంటూ మోయాలి. 2014 జూన్‌లో జర్మనీలోని రీజెండింగ్ గుహలో, సుమారు వెయ్యి మీటర్ల లోతున, రాళ్లు పడి ఒక పరిశోధకుడి తలకు దెబ్బ తగిలింది. ఆయన్ని పైకి తేవడానికి పదకొండు రోజులు పట్టింది, ఏడు వందల మందికి పైగా పనిచేశారు. కొన్ని దేశాల్లో ఇలాంటి సాయం ఉచితం. కొన్నిచోట్ల బిల్లు మీకే వస్తుంది. వెళ్లే దేశంలో పద్ధతి ఏమిటో ముందే కనుక్కోండి.

2023 సెప్టెంబరులో టర్కీలోని మోర్కా గుహలో జరిగింది ఇంకో రకం. 1,040 మీటర్ల లోతున ఒక అమెరికన్‌కు దెబ్బేమీ తగల్లేదు, కడుపులో రక్తస్రావం మొదలైంది. గుహలోనే రక్తం ఎక్కించి, పది రోజుల తరువాత బయటికి తెచ్చారు. ప్రమాదానికి మాత్రమే వర్తించే పాలసీ అయితే ఇలాంటి జబ్బుకు పనికిరాదు. రెండూ ఉన్నాయో లేదో అడగండి. బీపీ, షుగరు, ఆస్తమా ఉంటే దరఖాస్తులో దాచకండి. క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి దొరికే మొదటి కారణం అదే.

వరద సంగతి మన డెల్టా వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది, భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు దాటిందంటే లంకల్లో సామాను సర్దుకుంటారు. గుహలోనూ అంతే, ఎక్కడో కొండ మీద పడ్డ వాన లోపలికి వచ్చేస్తుంది. 2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో పన్నెండు మంది పిల్లలు, వాళ్ల కోచ్ అలాగే చిక్కుకున్నారు. చివరివాళ్లు బయటపడింది పద్దెనిమిదో రోజున. వియత్నాంలోని సన్ డూంగ్ గుహకు యాత్రలు జనవరి నుంచి ఆగస్టు వరకే నడుపుతారు, తరువాత వరదల కాలం. మూసివేసిన కాలంలోనో, అధికారులు హెచ్చరిక పెట్టాకనో లోపలికి వెళ్తే క్లెయిమ్ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఏజెంటు ఫోనులో “అన్నీ వస్తాయండి” అంటారు. ఆ మాట మీద నిలబడకండి. కంపెనీకే ఈమెయిలు రాయండి. ఫలానా దేశం, ఫలానా గుహ, ఈ తేదీలు, ఇన్ని మీటర్లు తాడు మీద దిగుతాం, లైసెన్సున్న గైడు ఉంటారు, ఇది పాలసీలో ఏ క్లాజు కింద వస్తుంది, బయటికి తీసే ఖర్చుకు పరిమితి ఎంత అని అడగండి. వచ్చిన జవాబు ప్రింటు తీసి పెట్టుకోండి. టూరు నడిపేవాళ్లు “ఇన్సూరెన్స్ మాదే” అన్నా ఎంత మొత్తానికి, ఆస్పత్రికా, రెస్క్యూకా అన్నది కాగితం మీద చూపించమనండి.

ఇక మిగతా సాహసాలు. ట్రెక్కింగ్‌కు ఎత్తు హద్దు చూడాలి. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364 మీటర్ల ఎత్తున ఉంది. పాలసీ 4,500 దగ్గర ఆగిపోతే, అసలు అవసరమయ్యే చోటే అది ఉండదు. డైవింగ్‌కు లోతు హద్దు, సర్టిఫికెట్టు చూడాలి. థాయ్‌లాండ్‌లో స్కూటరు అద్దెకు తీసుకునేవాళ్లు టూవీలర్ లైసెన్సుతో పాటు ఆర్టీఏ ఆఫీసు ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉంచుకోవాలి. యూరప్ షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. వీసా కోసం కొన్న ఆ పాలసీలో సాహస క్రీడలు ఉంటాయన్న హామీ లేదు. ఆస్ట్రేలియాలో చదివే పిల్లల స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్ ఆ దేశం దాటితే పనిచేయదు. న్యూజీలాండ్‌లో ప్రమాదంలో గాయపడిన పర్యాటకుల చికిత్సకు అక్కడి ప్రభుత్వ పథకం సాయపడుతుంది గాని జబ్బులకు, ఇంటికి చేర్చే ఖర్చుకు కాదు.

పాలసీ నంబరు, ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ నంబరు కాగితం మీద రాసి గుహ బయట ఉండే మనిషికి ఇవ్వండి. లోపల ఫోను పలకదు. ఎన్నింటికి బయటికి వస్తామో, ఆ వేళ దాటితే ఎవరికి కబురు పెట్టాలో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. హెలికాప్టర్ కావాల్సి వస్తే హెల్ప్‌లైన్‌కు చెప్పి అనుమతి తీసుకున్నాకే పిలవాలని చాలా పాలసీల్లో ఉంటుంది. ప్రాణం మీదికి వస్తే ముందు ప్రాణం చూసుకుని, వీలైన వెంటనే కబురు చెప్పాలి. తరువాత గైడు చేత సమయాలతో సహా సంఘటన రిపోర్టు రాయించుకోవాలి. డిశ్చార్జ్ సమ్మరీ, అసలు బిల్లులు, పాస్‌పోర్టులో స్టాంపులున్న పేజీల కాపీలు జాగ్రత్త చేయాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఏ క్లాజు కింద కాదన్నారో రాసివ్వమని అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, కార్యాలయానికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఇందాక చెప్పిన ఆ ఈమెయిలు ప్రింటు అక్కడ మీ చేతిలో ఉండాలి.

నమస్కారం.